ఎదురంగడి వళ్ళియమ్మ

తిరుత్తణి బస్టాండు వెనక వీధిలో వళ్ళియమ్మ అంగడి ముందు పొద్దున తొమ్మిదికే పదిమంది ఆడవాళ్ళు చేరి ఉంటారు. దానికి సరిగ్గా ఎదురుగా ఉన్నది నా అంగడి. అందులో ఏసీ, గాజు జాడీలు, నేను ఉంటాం. అంగడి పెట్టిన మొదటి ఏడాది నేను చేసిన ముఖ్యమైన పని ఆ పదిమంది వీపులు చూస్తూ కూర్చోవడం.

ఇద్దరం అమ్మేవీ అవే: కొర్రలు, సామలు, ఆరికెలు, రాగులు. నా దగ్గర అదనంగా తాటిబెల్లం. ఆమె అంగడికి బోర్డు కూడా లేదు. ఇరుకు గదిలో గోనెసంచులు, నేలమీద పీట, పీటమీద ఆమె. ఏం చూసి జనం ఎగబడతారో నాకు అంతుపట్టేది కాదు. దాచుకోవడం ఎందుకు, కడుపుమంటగా ఉండేది.

గుమ్మిడిపూండి ఫ్యాక్టరీలో ఎనిమిదేళ్ళు షిఫ్టులు చేశాను. రోజూ రెండు రైళ్ళు మారి పోయి రావడంతో విసిగిపోయి, ఉద్యోగం మానేసి ఈ అంగడి పెట్టాను. ఆడి నెల, అంటే తమిళుల ఆషాఢం, వచ్చేలోపు నిలదొక్కుకోకపోతే మళ్ళీ ఆ రైలే ఎక్కుతానని నా భార్య సింధూరకు మాటిచ్చాను. దానికి ఇంకా రెండు నెలలే ఉన్నాయి.

వళ్ళియమ్మది నేత కుటుంబం. మగ్గం మూలపడ్డాక భర్త ఆర్.కె.పేట వైపు నుంచి కొర్రలు తెచ్చేవాడు, ఆమె గంపకెత్తుకుని వీధి వీధీ తిరిగి అమ్మేది. ఆయన పోయాక గంప దించి ఈ గది అద్దెకు తీసుకుంది. యాభై ఐదు దాటాయి, మోకాళ్ళ నొప్పులు, లేచి నిలబడాలంటే గోడ పట్టుకోవాలి. ఆమెకో పద్ధతి ఉంది. అరకిలో అడిగినా సరే, ముందు చేటలో పోసి అడిగినవాళ్ళ చేతికే ఇస్తుంది. వాళ్ళు చెరిగి, రాళ్ళేరి ఇచ్చాకే తూకం వేస్తుంది. పొట్టూ రాళ్ళూ ఆమె వంతు. ఆడవాళ్ళు తీరిగ్గా చెరుగుతూ అత్తల గురించీ కోడళ్ళ గురించీ మాట్లాడుకుంటారు. కొనేవాళ్ళచేత చాకిరీ చేయించే అంగడి ఇదొక్కటేనని నేను నవ్వుకునేవాణ్ణి. నావన్నీ ‘శుభ్రపరచినవి’ అని అచ్చేసిన పొట్లాలు మరి.

ఒకరోజు మధ్యాహ్నం ఇంట్లో కొర్రన్నం తింటున్నాను. పలుకులు పలుకులుగా, కమ్మగా ఉంది.

“చూస్తివా అమ్మా, మన అంగడి కొర్రలు ఎంత బాగుండాయో!” అన్నాను.

మా అమ్మ సుబ్బమ్మ నా మొహం చూడకుండా పులుసు వడ్డించింది. “మన అంగడివి కావురా. వళ్ళియమ్మ కాడ తెచ్చినాను. నీ పొట్లంలోవి వండిననాడు మీ నాయనకు రాయి తగిలి పన్ను కదిలింది. నువ్వు బాధపడతావని చెప్పలే.”

కన్నతల్లే ఎదురంగడికి పోతే ఇక ఊరివాళ్ళను ఏమనాలి?

ఆ సాయంత్రమే ఒక కొత్త చేట కొన్నాను. మరునాడు వచ్చిన మొదటి ఆమె చేతికి దాన్నిచ్చి, పొట్లం చించి కొర్రలు పోశాను. ఆమె సంతోషంగా రెండుసార్లు చెరిగింది. పొట్టు ఏసీ గాలికి లేచి జాడీల మీదా, తెల్లటి టైల్సు మీదా పడింది. నా ప్రాణం ఉసూరుమంది. “రవ్వంత కింద పడకుండా చెరుగమ్మా” అనేశాను. ఆమె నన్నూ చేటనూ మార్చి మార్చి చూసి, చేట బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది. వీధి దాటి నేరుగా వళ్ళియమ్మ పీట దగ్గరికే పోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ వళ్ళియమ్మే నా అంగడి గురించి నలుగురికీ చెడ్డగా చెబుతోందని తేల్చేసుకున్నాను. తాడో పేడో తేల్చుకుందామని మధ్యాహ్నం వీధి దాటాను. గుంపు వెనక నిలబడి, సందు కోసం చూస్తున్నాను. ముందు నిలబడ్డ ఒక అమ్మాయి కరుపట్టి ఉందా అని అడిగింది. కరుపట్టి అంటే తాటిబెల్లం.

“నా కాడ లేదమ్మా. రెండు తూర్లు తెప్పించినాను, రెండూ బాగలేవు” అంది వళ్ళియమ్మ. “ఎదురంగట్లో బాగుండాది, నేనే తిని చూసినాను. ఆడికి పో. నేను పంపినానని మాత్రం చెప్పొద్దు. ఆ పిల్లోడు రోషగాడు.”

నాకున్న కాసిని బేరాలూ దాదాపు తాటిబెల్లానివే. అవన్నీ నా తెలివితేటలవల్ల వచ్చినవనుకున్నాను. సిగ్గేసింది.

అంతలో ఆమె నన్ను చూడనే చూసింది. “ఏమి నాయనా, ఈడ నిలబడినావు?”

“ఎన్నాళ్ళ నించి పంపిస్తుండావక్కా?” అన్నాను.

“నువ్వు తెరిచిన మొదటి వారం నించీ” అంది, తక్కెడలో రాగులు పోస్తూ. “లేదని చెప్పి ఊరకుంటే సరిపోతుందా? యాడ దొరకతాదో చెప్పొద్దా? ఎండలో అంత దూరం నడిచి వచ్చినోళ్ళు కదా.”

తిరిగి వచ్చేశాను. ఆ రాత్రి సింధూరకు జరిగింది చెబితే, “అయితే నేనూ ఆడే కొంటుండానని ఇప్పుడు చెప్పొచ్చా?” అని నవ్వింది.

ఆడి నెలకు పదిరోజులుందనగా, వెంగల్ నుంచి వచ్చానంటూ ఒక పెద్దామె నా అంగడి మెట్లెక్కింది. రెండు కిలోల కొర్రలు కావాలంది. చెయ్యి అలవాటుగా పొట్లం మీదికి పోయింది. అప్పటికి మూడు రోజులుగా బోణీ లేదు. అయినా చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

“నా కాడ కొర్రలు బాగలేవమ్మా. రాళ్ళుంటాయి. ఎదురుగా వళ్ళియమ్మక్క కాడ తీసుకో” అన్నాను.

ఇక రైలే గతి అనుకున్నాను. ఆ పెద్దామె మాత్రం కదల్లేదు. నన్ను పైనుంచి కిందికి చూసి, సంచీ బల్లమీద పెట్టింది.

“అట్లయితే నీ కాడ ఏది బాగుంటాదో నువ్వే చెప్పు నాయనా” అంది.

ఏడాదిలో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమె.