రేడియోకు చెవి ఆనించిన పిల్ల

1983లో నేను నగరి పక్కన ఒక మరమగ్గాల ఊళ్లో మూడో తరగతి టీచర్ని. తెల్లారింది మొదలు ఊరంతా మగ్గాల మోతే. ఆ ఏడాది మా బడికి ఒక రేడియో ఇచ్చారు. రోజూ 'స్కూల్ బ్రాడ్‌కాస్ట్', అంటే బడిపిల్లల కోసం రేడియోలో వచ్చే పాఠాలు, వినిపించాలని ఆర్డరు.

నాకు ఒళ్లు మండింది. పదకొండేళ్లుగా గొంతు చించుకుని చెబుతున్నదాన్ని, ఈ పెట్టె నాకంటే బాగా చెబుతుందా?

"పాఠాలు అదే చెప్తే మేమెందుకు సార్, గంట కొట్టడానికా?" అన్నాను హెడ్మాస్టరుతో.

"పైనుంచి ఆర్డరమ్మా. పెట్టినామని రిజిస్టర్లో రాయాల గదా," అన్నాడాయన.

మా తరగతిలో కామాక్షి అని ఒక పిల్ల. ఏమడిగినా నా మొహమే చూస్తూ నిలబడేది. మొద్దు అని తేల్చేశాను, వాళ్ల నాయనతోనూ ఆ మాటే చెప్పాను. రేడియో పెడితే మాత్రం పరుగెత్తుకొచ్చి పెట్టెకు చెవి ఆనించి కూర్చునేది. ఒకరోజు అందులో అడిగిన లెక్కకు అందరికంటే ముందు జవాబు చెప్పింది. మెచ్చుకోవాల్సింది పోయి, నాకు రోషం వచ్చింది.

"నేను చెప్తే రాదు గానీ, ఇది చెప్తే వస్తాదా నీకు? పో, ఆ కడాకు పోయి కూసో!" అని రెక్క పట్టి లాగి వెనక వరసలో కూర్చోబెట్టాను. మళ్లీ రేడియో దగ్గరికి రానివ్వలేదు. వేసవి సెలవుల తర్వాత కామాక్షి బడికే రాలేదు.

బడి తెరిచాక పిల్లల చెవులు పరీక్షించడానికి ఒక డాక్టరు వచ్చాడు. ఒక్కొక్కరినీ అటు తిప్పి నిలబెట్టి, వెనకనుంచి మెల్లగా పేరు పిలిచేవాడు.

"మగ్గాల ఇళ్లలో పిల్లకు చెముడున్నా తెలీదు టీచర్. ఆ మోతలో అందరూ అరిచే మాట్లాడతారు గదా," అన్నాడు. కామాక్షి నా పెదాలు చూసేదని అప్పుడర్థమైంది.

సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాను. పిల్ల మగ్గానికి నూలు కండెలు చుడుతోంది. వాళ్ల నాయన మగ్గం ఆపి లేచాడు.

"మీరేం బాధపడొద్దు టీచరమ్మా. దానికి సదువు ఎక్కదని మీరే సెప్పినారు గదా. ఈడ పనిలో సురుగ్గానే ఉండాది."

"తప్పు నాదప్పా. పిల్లకు చెవులు సరిగ్గా వినపడవు. బడికి పంపించు, నా పక్కనే కూర్చోబెట్టుకుంటాను."

ఆయన బిడ్డవైపు చెయ్యి చూపించాడు. "దాన్నే అడగండి," అన్నాడు.

కామాక్షి చెవి దగ్గర నోరు పెట్టి, బడికి వస్తావా అని గట్టిగా అడిగాను.

"నేను రాను టీచర్. రేడియో కాడ కూసుంటే మీరు తిడతారు," అంది.

ఎంత బతిమాలినా రాలేదు. పాఠం పిల్లకు అందాలి గానీ, అది నా నోటినుంచే అందాలన్న పట్టుదల ఎందుకు? ఇంత చిన్న విషయం నాకు తెలిసేసరికి కామాక్షి చదువు పోయింది.