వలస కాదప్పా

టీచరమ్మ చనిపోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను వార్త పని మీద పులివెందుల కోర్టు ఆవరణలో ఉన్నాను. ఫోన్ చేసింది ఆమె దగ్గర చదువుకుని, కువైట్‌లో డ్రైవర్‌గా ఉన్నతను. ప్రొద్దుటూరులో జరిగిన చావు నాకు అక్కడి నుంచి తెలిసింది. తమకెవరికీ సెలవు దొరకదని, నన్ను తప్పక వెళ్లమని అడిగాడు.

ఆమెది జమ్మలమడుగు దగ్గరి పల్లె. అక్కడి మిషన్ బడిలో పాఠాలు చెప్పారు. ఊళ్లో పెత్తనం చేసే పార్టీకి ఎదురుగా పోలింగ్ ఏజెంటుగా కూర్చున్నందుకు ఆమె భర్తను ఎన్నికల మరునాడు చంపారు. పూడ్చిన వారానికే ఆ వీధి మొత్తాన్ని ఖాళీ చేయించారు. ఆమె ప్రొద్దుటూరులో అద్దెగదిలో చేరారు. తక్కినవాళ్లలో చాలామంది కువైట్‌లో డ్రైవర్లుగా, ఇళ్లలో పనివాళ్లుగా కుదిరారు.

అక్కడ సెలవు శుక్రవారమే గనుక, ఆ రోజు చర్చిలో ప్రార్థన అయ్యాక వాళ్లు ఒక గదిలో చేరి అర్జీ రాసేవారు. అడిగింది రెండే. మా ఊళ్లో మమ్మల్ని బతకనీయండి, చస్తే మా వాళ్ల పక్కన పూడ్చనీయండి. సెలవు మీద వచ్చేవాళ్ల పెట్టెల్లో ఆ కాగితాలు టీచరమ్మకు చేరేవి. ఆమె వాటిని ఆఫీసాఫీసుకూ తిరిగి ఇచ్చేవారు. కొత్తగా కువైట్ పోయే ఆడవాళ్లకు సంతకం నేర్పి పంపేవారు.

"ఏలిముద్ర ఎవరిదో అంటారు మే. పేరు రాస్తే నీదేనని ఒప్పుకోవాల."

ఆ అర్జీ గురించి నేనూ ఒక వార్త రాశాను. మేలు చేస్తున్నాననే అనుకున్నాను. 'ఉపాధి కోసం కువైట్‌కు వలస వెళ్లిన గ్రామస్థులు' అని మొదలుపెట్టాను. రెండు నెలలకు కలెక్టరాఫీసు నుంచి టీచరమ్మకు జవాబు వచ్చింది. అర్జీదారులు ఉపాధి కోసం ఇష్టపూర్వకంగా వెళ్లినట్లు పత్రికలో వచ్చింది కనుక చర్య అవసరం లేదట. నా వార్త కత్తిరించి జతచేశారు.

ఆమె దాన్ని తెచ్చి నా బల్లమీద పెట్టారు. చదివేదాకా నిలబడే ఉన్నారు.

"కరువొస్తే పోయేది వలసప్పా. వానపడితే తిరిగొస్తారు. మమ్మల్ని తరిమినారు. ఆ మాట రాసేదానికి నీకేం అడ్డమొచ్చె?"

ఏదీ అడ్డం రాలేదు. అలవాటైన మాట, చేతికొచ్చింది, రాశాను. సవరణ వేయించాను, లోపలి పేజీలో నాలుగు వరుసలు. ఫైల్లో మాత్రం మొదటిదే మిగిలింది. తర్వాత ఎప్పుడు ఎదురైనా, ఈ పొద్దు ఎవర్ని వలస పంపినావని నవ్వేవారు. ప్రభుత్వం మారిన ప్రతిసారీ అర్జీ మళ్లీ కదిలించేవారు. "గవర్మెంట్లు మారినాయి గానీ మా ఇండ్ల తాళాలు మారల్యా" అనేవారు.

భర్త పక్కనే పూడ్చాలని వ్యాన్‌లో ఆమెను ఆ పల్లెకే తీసుకెళ్లాం. కువైట్‌లో ఉన్న మనవాళ్లు పొద్దుటి నుంచి అధికారులకు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. ఊరి మలుపులో పోలీసులు ఆపారు. గొడవలవుతాయి, తిప్పుకోండన్నారు. రోడ్డు మీద వాళ్లూ మేమూ తప్ప ఎవరూ లేరు. రాతపూర్వకంగా ఉత్తర్వు ఉందా అని అడిగాను. లేదన్నారు. ప్రొద్దుటూరులో గొయ్యి తీయమని మాలో ఎవరో ఫోన్ చేశారు.

అక్కణ్ణుంచి చర్చి సిలువ, దాని వెనక సమాధుల గోడ కనిపిస్తున్నాయి. వ్యాన్ తిప్పుతుంటే, ఆ వీధిలోనే పుట్టిన ఒక ముసలామె డ్రైవర్‌ను ఆపింది.

"రొంతసేపు ఊరి దిక్కు పెట్టప్పా."

అతను వ్యాన్ వెనకభాగం ఊరికి ఎదురుగా వచ్చేలా ఆపి, దిగి తలుపులు రెండూ తెరిచాడు. పేటిక మీది తెల్లగుడ్డ అంచు గాలికి లేచి పడుతోంది. కానిస్టేబుల్ ఒకతను టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.