దేవదానం సారు అడిగే ఒక్క మాట

ఇవాళ పొద్దున మిల్లు గేటు దగ్గర బండి దిగగానే ఉడుకుతున్న వడ్ల వాసన ముఖానికి కొట్టింది. ఇన్నేళ్లుగా ఆ ఆవిరిలోనే బతుకుతున్నా, వానాకాలం పంట మొదట్లో అది ముక్కుకు తగిలితే నాకు దేవదానం సారే గుర్తొస్తారు. నిజామాబాదు నుంచి బోధన్ పోయే దారిలో ఉన్న ఈ ఉప్పుడు బియ్యం మిల్లుకు నాకన్నా ముందు ఆయనే మేనేజరు. ఇవాళ గుర్తు రావడానికి ఇంకో కారణం ఉంది. నిన్న మిల్లు యజమాని చిన్న సేటు నన్ను పిలిచి, బిహార్ హమాలీల ఆధార్ కార్డులన్నీ తీసుకుని బీరువాలో పెట్టమన్నాడు. "కార్డు మన తాన ఉంటే ఏడికి పోతరు? వాళ్ల ఛఠ్ పండుగని ఊరికి పోయినోడు మళ్ల వస్తడా?" అన్నాడు. ఆయన భయం ఉత్తది కాదు. వర్ని, మోస్రా ఊళ్ల నుంచి వచ్చిన వడ్ల లారీలు రోడ్డు పొడవునా నిలబడి ఉన్నాయి. దించే చేతులు లేకపోతే తడి వడ్లు బస్తాల్లోనే మొలకెత్తుతాయి. కార్డులు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆ తర్వాత అన్నం సయించలేదు.

నేను సూపర్‌వైజరుగా చేరిన కొత్తలోనూ ఇదే గోల. ఒక జట్టు వచ్చి పని అలవాటు పడేలోపు మూటాముల్లె సర్దుకునేది. కూలి పెంచాం, రేకుల షెడ్డులో ఫ్యాన్లు పెట్టించాం. చిన్న సేటు తండ్రి, పెద్ద సేటు, వాళ్లకు మంచి సన్నబియ్యం అన్నమే పెట్టించేవాడు, ఆ సంగతి నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాడు. ఇంత చేసినా పోతున్నారంటే విశ్వాసం లేని మనుషులని నేను తిట్టుకునేవాణ్ణి. దేవదానం సారు తిట్టేవారు కాదు. పోయేవాణ్ణి గేటు బయట హోటల్లో కూర్చోబెట్టి చాయ్ తాగించి, "పోతే పో తమ్మీ. గని ఈడ నీకు ఏం బరువైందో చెప్పి పో" అనేవారు. చాలామంది "కుఛ్ నహీ సాబ్" అని, ఏమీ లేదన్నట్టు నవ్వి బస్సెక్కేవారు. సారు మాత్రం తర్వాత పోయేవాణ్ణి మళ్లీ అడిగేవారు. నాకది పనిలేని పని అనిపించేది.

ఒకరోజు రాంప్రీత్ అనే పెద్ద హమాలీ చాయ్ గ్లాసు పక్కన పెట్టి, తనకొచ్చిన తెలుగులో అసలు సంగతి చెప్పాడు. "మీ సన్నన్నం జల్ది అరిగిపోతది సాబ్. ఎండ ఎక్కక ముందే పొట్ట ఖాళీ. బస్తా ఎట్ల లేపాలె? మాకు ఉప్పుడు బియ్యమే అన్నం." మాకు సిగ్గేసింది. వాళ్లు చిన్నప్పటినుంచి తిన్న బియ్యాన్ని వాళ్ల చేతులతోనే లారీలకెక్కించి ఎక్కడికో పంపుతూ, వాళ్ల కంచంలో మాత్రం మా మర్యాద వడ్డిస్తున్నాం. మా ఇళ్లల్లో ఉప్పుడు బియ్యం ఎవరూ ముట్టరు గనక, వీళ్లకు అదే అన్నమని తోచనే లేదు. పెద్ద సేటుకు చెబితే కోపమొచ్చింది.

"నా మిల్లుల పనోళ్లకు దొడ్డన్నం పెడితే ఊరోళ్లు ఏమంటరు దేవదానం?"

"ఊరోళ్లు బస్తాలు మొయ్యరు కద సేటు."

మర్నాడు పెద్ద గంజులో ఉప్పుడు బియ్యం ఉడికింది. సారు కూడా వాళ్ల పంక్తిలోనే కూర్చుని తిన్నారు. చెయ్యి కడుక్కుంటూ నా చెవిలో, "నాకైతే మింగుడు వడలేదురా. గని వాళ్ల మొఖాలు సూడు, పెండ్లి బంతిల కూసున్నట్టు లేరూ?" అన్నారు. ఆ జట్టు ఆ పంట పూర్తయ్యేదాకా కదలలేదు.

అన్నిసార్లూ అలా కలిసి రాలేదు. ఒక ఏడు ఛఠ్ పండుగకు వాళ్లు పోకుండా గేటు తాళం వేయమని పెద్ద సేటు చెబితే, సారు తానే తాళం తీసి మిల్లు బండిలో వాళ్లను స్టేషనుకు పంపించారు. రాకపోతే మన గతేమిటని నేను గొడవపడ్డాను. "తాళమేస్తే మనిషి ఉంటడు గని, మనసు పెట్టి పని జేస్తడా?" అన్నారు. సగం మందే తిరిగొచ్చారు. కొన్ని వడ్లు మొలకెత్తాయి. అందరి ముందూ సేటు పెట్టిన చీవాట్లను సారు తల వంచుకుని విన్నారు. వచ్చినవాళ్లు వెంట తెచ్చిన ఠేకువాలు, ఆ తీపి బిళ్లలు, మా ఇద్దరికీ పంచారు. ఆ తీపి తింటున్నప్పుడు కూడా సారు ముఖంలో అలసట పోలేదు.

చిన్న సేటు పెత్తనం మొదలయ్యాక ఒక మధ్యాహ్నం సారు ఉద్యోగం వదిలేసి, తాళాలు బల్ల మీద పెట్టి బయల్దేరారు. ఎవరి పనిలో వాళ్లున్నారు. గేటు దాకా వెంట నడిచి, ఆయన మాటే ఆయనకు అప్పజెప్పాను. "పోతే పోండి సారు. గని ఈడ మీకు ఏం బరువైందో చెప్పి పోండి."

ఆయన ఆగిపోయారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఇన్నేండ్లల్ల గీ మాట నన్ను ఎవ్వలడగలేదురా. గదే బరువైంది" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆయన నా భుజం తట్టి వెళ్లిపోయారు. ఇప్పుడు ఆయన లేరు.

ఇవాళ బీరువా తెరిచి, జట్టు పెద్ద సునీల్‌ను పిలిచి కార్డులన్నీ చేతిలో పెట్టాను. చిన్న సేటుకు ఏం చెప్పాలో ఇంకా తోచలేదు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో కూడా తెలియదు. "పండుగకు పోయి రండ్రి. రానోళ్లు ఎందుకు రారో చెప్పి పోండ్రి" అన్నాను. సునీల్ కార్డులు జేబులో పెట్టుకుని రోడ్డు మీది లారీల వంక చూశాడు, తర్వాత నా వంక చూశాడు.

"మీరు బాగ అలిసినట్టున్నరు సాబ్. మీకేం తక్లీఫ్ ఉంది ఈడ?"

ఆవిరి కళ్లల్లో పడిందని అబద్ధమాడి ముఖం తిప్పుకున్నాను. నన్నూ ఒకడు అడిగాడని చెప్పుకోవడానికి ఇప్పుడు దేవదానం సారు ఉంటే ఎంత బాగుండేది.