వాగవతలి రాళ్ళు

ఆవపల్లి సంతలో ఉప్పు కొంటుండగా తెలిసింది, మా మేనత్త పోయిందని. మూట అక్కడే వదిలేసి ఆమె ఊరికి నడిచాను.

వాగవతలి మెరకే ఆ ఊరి శ్మశానం. ఇప్పచెట్ల కింద, ఆ అడవి జాతి దొర్లవాళ్ళు చనిపోయిన తమ పెద్దల పేర నిలబెట్టిన రాళ్ళు. కొన్ని మనిషికంటే ఎత్తు. కొన్ని ఒరిగి, నాచు పట్టి ఉంటాయి. సంస్థానానికి రాజులు రాకముందే అవి ఉన్నాయంటారు. ఒక పక్కన మన తెలుగువాళ్ళ మట్టి దిబ్బలు; మామయ్యది అక్కడే. అందరూ శ్మశానం నుంచి వచ్చాక కాళ్ళు కడుక్కుంటారు. అత్త వెళ్ళేముందు కడుక్కునేది. "రోత మన తాననే ఉంటది బిడ్డా, వాళ్ళ తాన ఏముంది?" అనేది. దేన్ని చూసి రోత పడాలో నాకు నేర్పింది ఆమే.

కొన్నేళ్ళ కిందట టేకు నరికించే గుత్త పట్టుకుని ఒక ఠేకేదారు వచ్చి, నీడ బాగుందని సరిగ్గా అక్కడే డేరా వేశాడు. ఆ సంగతి తెలియక అత్తా నేనూ శ్మశానం ఊడవడానికి చీపురు, చేట పట్టుకుని వెళ్ళాం. నిలువురాళ్ళకు ఎడ్లను కట్టారు. చుట్టూ పేడ, మూత్రం. పెద్దలకు కొత్త ధాన్యం పెట్టే పలకరాయి మీద కోళ్ళు కోశారు. పేగులు, ఈకలు, నల్లగా ముసిరిన ఈగలు. చీపురు కింద పడేసి ముక్కు మూసుకున్నాను. అంతకన్నా రోత, ఆ ఊరి దొర్ల పటేలును చూస్తే కలిగింది. ఠేకేదారు కూరగిన్నెలో చెయ్యి పెట్టి, మూతి తుడుచుకుంటూ నవ్వుతున్నాడు.

"ఏంది పటేలా, మీ తాత రాయి మీద కోసిందే తింటున్నవా?" అంది అత్త.

"పత్థరే కదా, మాయీ!" అన్నాడు ఠేకేదారు పలకరాయిని చూపిస్తూ.

అత్త వంగింది. పేగులన్నీ చేతులతో చేటలోకి ఎత్తి, తీసుకెళ్ళి బల్ల మీద అతని కంచం పక్కన కుమ్మరించింది.

"పత్థర్ మీదుంటే ఏం గాదంటివి. నీ బల్ల మీదుంటే ఏమైతది?"

మర్నాడు అతను పంతానికి మూడు రాళ్ళు పడగొట్టించి, బండ్లు దాటడానికి వాగులో పరిపించాడు. వాటిని లాగింది ఊరి మగవాళ్ళే. ఒక్కడు కాదనలేదు.

డేరా ఎత్తేశాక కూడా అవి వాగులోనే ఉండిపోయాయి. జనం వాటి మీద నడవడం అలవాటు చేసుకున్నారు. అత్త మాత్రం మోకాటి లోతు నీళ్ళలో దిగి దాటేది. ఇల్లిల్లూ తిరిగి వాటిని లేపమని అడిగింది. ఎవరింట మంచినీళ్ళిచ్చినా ముట్టలేదు. "పెద్దలను తొక్కుకుంట తెచ్చిన నీళ్ళు నాకొద్దు." చివరకు దొర్ల ఆడవాళ్ళు సిగ్గుపడి, అత్తతో కలిసి వాటిని గట్టెక్కించారు. రెండు మళ్ళీ నిలబడ్డాయి. మూడోది అప్పటికే చక్రాల కింద విరిగిపోయింది.

సంత నుంచి నేను చేరాక, అత్తను మామయ్య పక్కనే పూడ్చారు. పటేలు సారా వాసన కొడుతూ వచ్చి, "మా పెద్దలను కాపాడిన తల్లీ!" అంటూ గుండెలు బాదుకున్నాడు. కూరగిన్నెలో అతని చెయ్యి చూసిననాటి కంటే ఎక్కువ రోత పుట్టింది. ముఖం తిప్పుకున్నాను.

అటు దొర్ల ఆడవాళ్ళు ఒక రాయిని లాక్కొస్తున్నారు. మనవాళ్ళ దిబ్బలకు రాయి పెట్టే ఆచారం లేదు. ఎవరూ వాళ్ళను అడగలేదు కూడా. అత్త తలాపున గుంట తవ్వి, రాయి నిలబెట్టి, చుట్టూ తడిమట్టి కూరారు. అది కాస్త ఒరిగింది. ఒక ముసలామె దానికి భుజం ఆనించి, మట్టి గట్టిపడేదాకా అలాగే నిలబడింది.