విమానానికి ట్రయల్ పట్టిన లింగస్వామి

కొత్తపేటలో ఏ కారయినా గొంతెత్తి పాడిందంటే ఆ గొంతు మా బావ లింగస్వామి పెట్టిందే. స్పీకర్లు, సీటు కవర్లు, రివర్సు కూతలు, దారి చూపే జీపీఎస్ డబ్బాలు, అన్నీ బిగిస్తాడు. ఒకసారి ఆయన బిగించిన స్పీకరు మోతకు దిల్‌సుఖ్‌నగర్‌లో చెడిపోయి ఆగిన బస్సు దానంతట అదే స్టార్టయింది. నమ్మనివాళ్లు ఆ బస్సునే అడగండి.

బావ పనికి ఒక పద్ధతి ఉంది. ఏం బిగించినా చివర్లో డాష్‌బోర్డు మీద యాదగిరిగుట్ట నరసింహస్వామి చిన్న విగ్రహాన్ని ఉచితంగా నిలిపి దండం పెడతాడు. తర్వాత బండిలో తనే కూర్చుని ఒక చుట్టు తిరిగొచ్చి "పాస్" అంటాడు. ఆ మాట ఆయన నోట రాకుండా ఏ బండీ దుకాణం దాటదు. అందుకే ట్రయల్ లింగస్వామి అన్నారు. చౌటుప్పల్ దగ్గరి పల్లె నుంచి ఒక్క స్క్రూడ్రైవరుతో వచ్చిన మనిషి, ఇరవై ఏళ్లలో సంపాదించుకున్నది ఆ పేరే.

ఇంకో సంగతి ఆయన చెప్పుకోడు. బావమరిదిని కనుక నేను చెప్పాలి. మా బావకు ఎత్తంటే చచ్చేంత భయం. చుట్టాలింట్లో రెండో అంతస్తు మీద పెళ్లి జరిగితే, కింద వీధిలో నిలబడి అక్షింతలు పైకి విసిరిన ఘనుడు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సుల్లేవు, రోడ్డెక్కే కార్లు తక్కువ. దుకాణంలో మేమిద్దరం ఈగలు తోలుకుంటుంటే రామారావు గారు వచ్చారు. విజయవాడ మనిషి, వనస్థలిపురంలో కిరాయికుంటారు. ఊరి బయట సాగర్ రోడ్డు పక్కన చిన్న విమానాలు దిగే మైదానంలో పైలట్‌గా చేరి నెల కూడా కాలేదు. చేతిలో జీపీఎస్ డబ్బా ఉంది.

"ఇది కాస్త బిగించి పెట్టాలండీ. విమానాలకని చేసేది రావడానికి ఇంకా టైం పడుతుందంట. అందాకా ఈ కార్లదే సర్దుకుందామని."

"బండేది సార్?" అన్నాడు బావ, వీధిలోకి తొంగి చూస్తూ.

"బండి ఇక్కడికి రాదండీ. రెండు సీట్ల విమానం."

బావ తల అడ్డంగా ఊపబోయాడు. నేను ఊరుకుంటానా?

"మా బావ రైలుక్కూడ బిగిస్తడు సార్. విమానమెంత!"

పక్కన టీకొట్టు నర్సింహులు గంటె ఆపి అరిచాడు. "లింగన్నా, విమానానికి గూడ ట్రయలుంటదా, లేక గది కార్లకేనా?"

టీ తాగుతున్న పదిమందీ ఇటు తిరిగారు. బావ నా వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపుకు నాకు మూడు రోజులు జ్వరం రావాలి.

"ఉంటది," అన్నాడు. "నా చేతి పని ఏదైనా ట్రయల్ లేకుంట ఇయ్య."

రాత్రి అన్నం పెడుతూ మా అక్క కౌసల్యమ్మ వాయించింది. "కుర్సీ ఎక్కి బల్బు మార్సనోనివి, విమానమెక్కుతవా? పోయి సేతగాదని చెప్పు."

"గా మాట అన్ననాడు దుకాణం బందువెట్టుడే," అన్నాడు బావ. అన్నం మాత్రం ముట్టలేదు.

మర్నాడు స్కూటరు మీద గల్లీల్లోంచి వెళ్లాం. ఎల్బీనగర్ దగ్గర సమ్మెవాళ్లు దారి మూసి నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యిలు పేర్చి వంటావార్పుకు గంగాళాలు ఎక్కిస్తున్నారు. జెండా పట్టుకున్న ఒకాయన ఆపాడు.

"సమ్మెల పనేంది? యాడికి?"

"విమానానికి జీపీఎస్ బిగియ్య పోతున్నం," అన్నాను.

ఆయన కాసేపు మా స్కూటరును, కాసేపు ఆకాశాన్ని చూశాడు. "పోనియ్యుర్రి. మనం రోడ్లే బందువెట్టినం, మొగులు గాదు."

మైదానంలో విమానాన్ని చూసి బావకు కొంచెం ధైర్యం వచ్చింది. ఆటో కంటే కాస్త పొడుగు, అంతే. డబ్బాను నిలిపే రబ్బరు కప్పు వంపు తిరిగిన అద్దానికి అతుక్కోలేదు. ఆటో సైడు మిర్రరు క్లాంపు తెచ్చి డాష్‌బోర్డు అంచుకు పట్టించాడు. వైరును పక్కనుంచి లాగి, అడుగుకో కట్టు వేశాడు.

"ఆ వైరు ఈ కర్రకు చుట్టుకుందంటే మనిద్దరం ఫోటోలైపోతామండీ," అన్నారు రామారావు గారు. పైలట్ ముందుండే కర్రే విమానానికి స్టీరింగు. బావ వైరుకు ఇంకో నాలుగు కట్లు వేశాడు. ఆఖరున మీటర్ల పైన స్వామిని నిలిపి దండం పెట్టాడు. రామారావు గారూ కళ్లకద్దుకున్నారు.

అబ్దుల్లాపూర్‌మెట్ దాకా పోయి తిరిగి రావాలన్నది ట్రయల్. బావ ఎక్కాడు, బెల్టు పెట్టుకున్నాడు, కళ్లు మూసుకున్నాడు. పైన జరిగిందాంట్లో సగం రామారావు గారు చెప్పారు, సగం బావ చెప్పాడు, మిగతా సగం నాది.

లేచిన రెండు నిమిషాలకే జీపీఎస్‌లోని ఆడమనిషి మొదలుపెట్టింది. ముందు ఎడమకు తిరగమంది, తర్వాత యూటర్న్ తీసుకోమంది. విమానం రోడ్డు మీద లేదని దానికి ఎవరు చెప్పాలి? విసుగొచ్చి రామారావు గారు దాన్ని వదిలేసి కంపాసును నమ్ముకున్నారు. వానకు ముందరి మసక, ఊరు కొత్త. కంపాసు చూపిన దిక్కున పావుగంట పోయినా అబ్దుల్లాపూర్‌మెట్ రాలేదు. కింద ఇళ్లు మాత్రం ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

"లింగస్వామి గారూ, కంపాసొకటి చెబుతోంది, మీ డబ్బా ఇంకోటి చెబుతోంది. ఇలాగే పోతే పెద్ద విమానాల దారిలో పడతాం. మీరీ ఊరివాళ్లు కదా, కిందేముందో కాస్త చూసి పెట్టండి!"

"నేను సూడ సార్. నాకు కండ్లు తిరుగుతయి."

"మీరు చూడకపోతే ఇద్దరికీ తిరుగుతాయండీ!"

బావ ఒక కన్ను తెరిచాడు. రేకుల కప్పులు కనిపించాయి. రెండో కన్ను కూడా తెరిచాడు. "ఓర్నీ, గిది మన కొత్తపేట రైతుబజార్!" వంగి తల అద్దానికి ఆనించాడు. ఖాళీ హైవే, దాని నడుమ పొగలు. "గదో సార్, వంటావార్పు! గదే ఎల్బీనగర్ చౌరస్తా. గా పొగ మీదికి పోనియ్యుర్రి. ఆఁ, జర స్లో జేయుర్రి, గీడ రైటు. సాగర్ రోడ్డు వట్టుకోర్రి." అంటూనే కిటికీ తీసి, వెనక బండ్లకు సిగ్నలిస్తున్నట్టు చెయ్యి బయటపెట్టాడట. అక్కడ వెనకొచ్చేది ఒక గద్దే. అది మర్యాదగా పక్కకు తప్పుకుందని బావే అన్నాడు, నేను కలపలేదు.

ఆ రోడ్డు పట్టుకుని మైదానంలో దిగారు. బావ ముఖం సున్నం కొట్టినట్టుంది. రామారావు గారు కృతజ్ఞతగా స్వామి విగ్రహాన్ని చేతుల్లోకి తీసుకోగానే మీటర్ల మీది కంపాసు ముల్లు గిర్రున తిరిగి సరైన దిక్కుకొచ్చింది. కుదుపులకు పడిపోకుండా విగ్రహం పీఠం కింద అయస్కాంతం ఉంటుంది. అన్ని కార్లలో అదే మంచిదైంది. విమానంలో అదే ముల్లును తన వైపు లాక్కుంది.

"హమ్మయ్య, తెలిసిపోయింది!" స్వామిని శుభ్రమైన చేతిరుమాలులో చుట్టి నా చేతికిచ్చారు రామారావు గారు. "జీపీఎస్‌ను కూడా రోడ్లు వదిలి తిన్నగా దూరం చూపేలా ఇదిగో మార్చేస్తున్నాను. మీ పని అయిపోయిందండీ. ఇంటికెళ్లి పడుకోండి."

నేను అప్పటికే స్కూటరు తిప్పాను. "నడువు బావా. నువ్వు విమానాన్ని తాడుగట్టి గుంజుకొచ్చినవని నర్సింహులుకు చెప్త."

బావ కదల్లేదు. విమానం రెక్క పట్టుకుని నిలబడ్డాడు.

"పాస్ అని నేనింకా అన్లే," అన్నాడు. "ట్రయల్ ఫెయిలయింది. బాగు జేసినంక మల్ల తిరగాలె."

"అక్కర్లేదండీ, నేనొక్కణ్ణే వెళ్లొస్తాను."

"నేను ఎక్కంది పాస్ అనను సార్. ఎక్కుర్రి."

"ఈపాలి గూడ కండ్లు మూసుకుంటవా బావా?" అన్నాను.

"మూసుకుంట," అంటూ బెల్టు బిగించుకున్నాడు. "అబ్దుల్లాపూర్‌మెట్ వచ్చినంక లేపుమని చెప్పు."