మలుపు అవతలికి చూపు

నిరుడు ఒక ఉదయం రాయదుర్గం వెళ్లే మెట్రోలో నా పక్కన ఒకామె కూర్చుంది. వెంట వచ్చిన ఆమె భర్తకు యాభై దాటి ఉంటాయి. సీటు ఖాళీగా ఉన్నా నిలబడే ఉన్నాడు. రైలు మలుపు తిరిగినప్పుడల్లా ఒక పక్కకు ఒరిగి, మోకాలు బయటికి పెట్టి, ముందు బోగీల వైపు తదేకంగా చూస్తున్నాడు. ఒంట్లో బాగాలేదా అని ఆమెను అడిగాను.

"మంచిగనే ఉన్నడు సార్. బండి పిచ్చి," అందామె.

ఆయన నవ్వాడు. సెలవు రోజుల్లో రేస్ ట్రాక్‌కు వెళ్లి స్పోర్ట్స్ బైక్ నడపడం నేర్చుకుంటున్నాడట.

"సూపు ఎటుంటే బండి అటే పోతది సార్. మలుపు అవతలికి సూడమంటరు. నేను భయంతోని పక్కన గడ్డిని సూస్త. మూడుసార్లు గడ్డిలకే పోయిన."

"ఈ ఆదివారం గూడ గడ్డిలకు పోతే బండి అమ్ముతనని మాటిచ్చిండు," అందామె. "కొనేటోడు గూడ దొరికిండు."

"అప్పుడే కొనేటోణ్ణి సూసినవా?"

"నువ్వు గడ్డిని సూస్తే నేను కొనేటోణ్ణి సూసిన."

ఆయన ముఖం చిన్నబోయింది. ఆ బండి ఎలా ఉంటుందో నాకు చెప్పబోయాడు. మాదాపూర్ దాటాక రైలు మళ్లీ మలుపు తిరిగింది. ఆయన చూపు నా మీదే ఉంది. ఆమె గబుక్కున లేచి, ఆయన గడ్డం పట్టుకుని ముఖాన్ని ముందు బోగీల వైపు తిప్పింది.

"సార్‌ను కాదు, అటు సూడు," అంది. పట్టిన గడ్డం వదలకుండానే మళ్లీ అంది: "ఆదివారం నేను గూడ వస్త. మలుపు అవతల కంచె కాడ నిలబడ్త. నన్నే సూసుకుంట రా."