ప్యానెల్ వద్దన్నది నేనే

సర్వర్‌కి కంట్రోల్ ప్యానెల్ పెట్టుకునేవాళ్లంటే నాకు అప్పట్లో చిన్నచూపు. బొమ్మలూ బటన్లూ ఉన్న తెర ముందు కూర్చుని సర్వర్ నడపడమంటే, హోటల్ నుంచి పార్సిల్ తెచ్చి గిన్నెలో పోసి వంట చేశానని చెప్పుకోవడమేనని, వినేవాడు దొరికితే చాలు, ఉపన్యాసం దంచేవాణ్ణి. నల్ల తెర, దాని మీద తెల్లక్షరాలు, ఎదురుగా నేను. ఒక్కో ఆజ్ఞ చేత్తో టైపు చేయాలి, అది మారు మాట్లాడకుండా చెప్పింది చేయాలి. ఇరవై నాలుగేళ్ల వయసు. ఎగిరెగిరి పడ్డాను.

అది 2011. మా ఇల్లు చిక్కడపల్లిలో. తాతగారి కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం మాది. నారాయణగూడలో పదిమంది పనిచేసే చిన్న ఆఫీసులో నాకు ఉద్యోగం. ఇతరుల వెబ్‌సైట్లకు జ్వరం వస్తే మందు వేయడం నా పని.

నేను అన్న అని పిలుచుకున్న మనిషి పరిచయమైంది అశోక్‌నగర్‌లోని ఒక నెట్ సెంటర్లో. నల్గొండ వైపు పల్లెటూరాయన. నాకన్నా ఎనిమిదేళ్లు పెద్ద. ఆరేళ్లుగా హాస్టల్ గదిలో ఉంటూ గ్రూప్స్ రాస్తున్నాడు. ప్రతిసారీ ఒకటి రెండు మార్కుల దగ్గర ఆగిపోతున్నాడు. కానీ ఎకానమీ చెప్పడంలో ఆయనకు ఆయనే సాటి. ద్రవ్యోల్బణం గురించి మోండా మార్కెట్ ఉల్లిగడ్డలతో మొదలుపెట్టి రిజర్వు బ్యాంకు దాకా తీసుకెళ్లేవాడు. తెలుగు మీడియం పిల్లలు సాయంత్రమైతే లైబ్రరీ చెట్ల కింద ఆయన చుట్టూ మూగేవాళ్లు. ఆయన అవే విషయాలు టైపు చేసి ఒక ఉచిత సైట్లో పెట్టేవాడు. ఆ సైట్ నిండా పిచ్చి ప్రకటనలు. ఒకరోజు పక్క కుర్చీలోంచి చూసి నవ్వాను.

"ఏంటన్నా, ద్రవ్య విధానం పక్కన జుట్టు నూనె ఏంటి?"

"ఏం జేద్దాం తమ్మీ, ఫ్రీగ ఇస్తున్నరంటె గట్లనే ఉంటది."

"నా సర్వర్లో పెట్టండి. ఒక్క ప్రకటన కూడా ఉండదు."

నా సర్వర్ అని దర్జాగా అన్నాను కానీ, అది ఏ దేశంలోనో ఉన్న పెద్ద కంప్యూటర్లో ఒక చిన్న ముక్క. వర్చువల్ ప్రైవేట్ సర్వర్ అంటారు. అపార్టుమెంటులో ఒక గది కిరాయికి తీసుకున్నట్టు. లోపల ఏం చేసుకున్నా మన ఇష్టం, పాడైనా మనదే బాధ్యత. నేను పని నేర్చుకోవడానికి తీసుకున్నాను. ఖాళీ సర్వర్ మీద నేర్చుకోవడానికి ఏముంటుంది? ఎవరిదో ఒక సైట్ దాని మీద నడవాలి. ఆ సంగతి అన్నకు చెప్పలేదు. సాయం చేస్తున్నవాడిలాగే మాట్లాడాను. ఆయన ఆ పూట నాకు చాయ్ తాగించాడు కూడా.

సైట్ బాగా నడిచింది. అన్నకు ఒక లాగిన్ ఇచ్చాను. నెట్ సెంటర్లో టైపు చేసి ఫైళ్లు నేరుగా సర్వర్‌కి పంపేవాడు. మొదట్లో ఫైళ్లకు తెలుగులో పేర్లు పెట్టేవాడు. నా నల్ల తెర మీద అవి డబ్బాలు డబ్బాలుగా కనబడేవి. నాకు చిరాకు.

"అన్నా, తెలుగు పేర్లు వద్దు. ఇంగ్లిష్ అక్షరాల్లో, చిన్నగా, మధ్యలో ఖాళీ లేకుండా పెట్టండి."

"అట్లనే తమ్మీ."

నెట్ సెంటర్ కంప్యూటర్ల వైరస్ ఆయన పెన్‌డ్రైవ్‌ను రెండుసార్లు మింగేసింది. కొత్తది కొనాలా అని అడిగితే ఎందుకన్నా దండగ అన్నాను. సర్వర్లో ఉంటే బ్యాంకు లాకర్లో ఉన్నట్టే, రోజూ దానంతట అదే కాపీ తీసుకునేలా పెట్టాను అని చెప్పాను. అబద్ధం కాదు, పెట్టాను. కాకపోతే ఆ కాపీ కూడా అదే సర్వర్లో, అదే డిస్కులో పడేది. ఇంటి తాళంచెవి ఇంట్లోనే పెట్టి తలుపేసుకునేవాడి తెలివి. ఎప్పుడో ఒకప్పుడు వేరేచోటికి మార్చాలనుకుంటూనే ఏడాది గడిపాను.

అప్పుడే ఒకసారి అడిగాడు ఆయన, చాలా మొహమాటంగా.

"తమ్మీ, నా దోస్తు సైట్‌కు బటన్లున్న తెర ఉన్నదట. ఒక బటన్ ఒత్తితె మొత్తం సామాన్ డౌన్‌లోడ్ అయితదట. నాకు గూడ గసొంటిది పెట్టరాదు? నాది నేను చూసుకుంట, నీకు పరేషాన్ తప్పుతది."

"ప్యానెలా? అది చిన్నపిల్లల ఆట అన్నా. ఉన్న మెమరీలో సగం అదే తినేస్తుంది. నేనున్నాను కదా."

మెమరీ మాట నిజమే. చిన్న సర్వర్, పెద్ద ప్యానెల్‌ని మోయలేదు. కానీ అసలు సంగతి అది కాదు. తాళంచెవి నా ఒక్కడి చేతిలోనే ఉండడం నాకు ఇష్టం. ఆయన నవ్వి ఊరుకున్నాడు. మళ్లీ అడగలేదు.

మరుసటి ఏడాది ఆయనకు వయోపరిమితి దగ్గరపడింది. ఇంకొక్క నోటిఫికేషన్, అది పడుతుందో లేదో ఎవరికీ తెలియదు. అలాంటప్పుడు ఒక కోచింగ్ సెంటర్ యజమాని ఆయన్ని పిలిచాడు. తెలుగు మీడియం ఎకానమీకి సార్ కావాలి. సిలబస్ మొత్తానికి పాఠాలు రాసి తీసుకురా, నచ్చితే ఉద్యోగం నీదే అన్నాడట. అన్న ఆ రోజు నారాయణగూడ చౌరస్తాలో నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఊళ్లో నాన్నకు ఏం చెప్పాలో తెలియక మూడు దసరాలు ఇంటికి పోని మనిషి ఆయన. సార్ అయిన అని చెప్పొచ్చు తమ్మీ, గంతే చాలు నాకు, అన్నాడు.

నాలుగు నెలలు కూర్చుని అరవై పాఠాలు రాశాడు. కాగితం మీద కాదు. బుర్రలోంచి నేరుగా కీబోర్డు మీదికి, అక్కణ్ణించి సర్వర్‌కి. సైట్లో ఎవరికీ కనబడకుండా వేరే ఫోల్డర్లో దాచుకున్నాడు. సోమవారం ప్రింట్లు తీసి యజమానికి ఇవ్వాలి.

అంతకుముందు గురువారం పొద్దున ఆఫీసులో ఉండగా ఫోన్ చేశాడు.

"తమ్మీ, సైట్ తెరుసుకుంటలేదు. ఏదో పరీక్ష కీ పెట్టిన నిన్న. పోరగాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నరు. జర చూడు."

నల్ల తెర తెరిచాను. డిస్కు నిండిపోయింది. పక్కన మా మేనేజరు ఇంకో పని కోసం నెత్తిమీద నిలబడ్డాడు. ఏది తింటోందో ముందు చూడాలి, తర్వాతే చెయ్యి వేయాలి. పసివాడికి కూడా తెలిసిన పద్ధతి. నేను చూడలేదు. ముందు కాపీల ఫోల్డర్ ఎగరగొట్టాను. అసలుది ఉండగా నకలు ఎందుకు, రేపు మళ్లీ తీసుకుంటుంది కదా అని. సైట్ లేవలేదు. ఇంకేం ఉన్నాయని చూస్తే వరసగా ఫైళ్లు. పి, ఏ, టి, హెచ్, ఏ. పక్కన ఒకటి. మళ్లీ అదే పేరు, పక్కన రెండు. అలా అరవై దాకా.

పాత. పాత ఒకటి, పాత రెండు. ఏ పేజీ నుంచీ వాటికి దారి లేదు. ఈ అన్న ప్రతి మార్పుకీ పాతది దాచుకుంటున్నాడు, చాదస్తం అని విసుక్కున్నాను. ఒక్క వరస టైపు చేశాను. నిజంగానా అని ఆ తెర అడగదు. చెత్తబుట్ట లేదు, వెనక్కి తీసుకోవడం లేదు. మెరుపులా పని అయిపోయింది.

అయినా సైట్ లేవలేదు. అప్పుడు చూశాను, చూడాల్సింది. సైట్‌కి వచ్చిపోయేవాళ్ల చిట్టా రాసే లాగ్ ఫైలు ఒకటి ఊరంత ఉబ్బి కూర్చుంది. మొత్తం దానిదే. దాన్ని ఖాళీ చేయగానే సైట్ లేచింది. నేను చెరిపిన అరవై ఫైళ్లూ కలిపి ఒక పెళ్లి ఫోటో అంత కూడా లేవు.

"తమ్మీ, బతికించినవ్" అన్నాడు ఫోన్లో. నేను కాలర్ ఎగరేశాను.

శనివారం మధ్యాహ్నం మళ్లీ ఫోన్.

"తమ్మీ, పాఠాలు కనబడ్తలేవు."

పాఠాలు. ఆ మాట చెవిన పడ్డ క్షణంలో గురువారం చెరిపిన పేర్లు కళ్ల ముందుకొచ్చాయి. పి, ఏ, టి, హెచ్, ఏ. పాఠం ఒకటి, పాఠం రెండు. తెలుగులో రాయొద్దు, చిన్నగా రాయండి అన్నది నేను. చివరి సున్నా కూడా వదిలేసి పొదుపుగా, నేను చెప్పినట్టే పెట్టుకున్నాడు మహానుభావుడు. 'ఠ'కీ 'త'కీ ఇంగ్లిష్‌లో ఒకటే గతి అని నాకు తెలియదా? రోజూ ఫ్రెండ్స్‌కి మెసేజీలు అలాగే కదా కొడతాను!

ఉరుక్కుంటూ అశోక్‌నగర్ వెళ్లాను. దారి పొడుగునా అనుకున్నాను, చెప్పేద్దాం, కాళ్లు పట్టుకుందాం అని. నెట్ సెంటర్లో మూల కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు, కీబోర్డు ముట్టుకోవడానికి భయపడుతున్నవాడిలా.

"మొన్న బుధవారం కీ పెట్టినంక ఫైళ్ల పేర్లు సరిజేద్దామని లోపలికి పోయిన తమ్మీ. పని గాక బయటికొచ్చిన. అండ్లనే నేనేమన్న ఒత్తిన్నా?"

ఆయన మొహం చూశాను. నన్ను అనుమానించాలన్న ఆలోచనే లేదు అందులో. దొంగ భుజాలు తడుముకుంటాడంటారే, నాకు ఆ అవసరం కూడా రాలేదు.

"ఉండొచ్చన్నా" అన్నాను.

అంతే. రెండు ముక్కల మాట. అబద్ధమని ఎవరూ అనలేరు. నేనే కావాలని ఏరుకున్నాను ఆ మాటని, బియ్యంలోంచి రాయి ఏరినట్టు.

కాపీ ఉంటది గద తమ్మీ, రోజు తీస్తది అన్నవ్ గద, అని అడిగాడు. చూస్తానన్నాను. ఆయన పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుని, లేవని తెలిసిన కాపీల కోసం అరగంట వెతికాను. లేనిదాని కోసం అంత శ్రద్ధగా వెతకడం నాకు ఎలా చేతనైందో! చివరికి, డిస్కు నిండినప్పుడు అవి కూడా పోయినట్టున్నాయన్నా అన్నాను. ఆయనే నన్ను ఓదార్చాడు.

"ఊకో తమ్మీ, నువ్వేం జేస్తవ్. ఊరోన్ని, నాకు ఇసొంటియి చేతికిస్తె గిట్లనే అయితది. ఆ లాగిన్ నాకు వద్దు ఇగ. నీ తానె ఉంచుకో."

ఆ పూటే లాగిన్ తీసేశాను. ఆయన అడిగాడని.

సోమవారం ఉత్త చేతులతో వెళ్లి, నా పొరపాటుతో పోయినయి సార్, రెండు నెలలు టైమ్ ఇయ్యండి అన్నాడట. యజమాని మంచిగానే మాట్లాడాడట, రాసుకుని రా అన్నాడట. అన్న ఈసారి నోటుబుక్కుల్లో మొదలుపెట్టాడు. పదిహేడో పాఠంలో ఉండగా ఆ ఉద్యోగంలోకి ఇంకొకాయన చేరాడు. ఆ కబురు తెలిసిన రోజు నేను ఆయన గదికి వెళ్లాను. ఇక చెప్పేయాల్సిందేనని వెళ్లాను. తలుపు దగ్గర చెప్పులు విడిచేసరికి లోపల ఆయన ఊరికి ఫోన్ చేస్తున్నాడు. "లేదు నాయినా, నా తప్పే, ఎవలను అనేదున్నది" అంటున్నాడు. మళ్లీ చెప్పులు వేసుకుని వచ్చేశాను. పిరికి వెధవని. ఇంతకన్నా మంచి మాట నాకు నేను వాడుకోలేను.

తర్వాత సైట్‌కి కొత్తగా ఏమీ రాలేదు. కొన్నాళ్లకు సర్వర్ కిరాయి ఆపేశాను. ఇంకో సర్వర్ తీసుకుని దానికి ప్యానెల్ పెట్టుకున్నాను. ఏదైనా చెరపబోతే రెండుసార్లు అడుగుతుంది. ఆ ప్రశ్న కనబడినప్పుడల్లా సిగ్గేసేది.

2014లో, రాష్ట్రం వచ్చాక, అశోక్‌నగర్ మళ్లీ కిటకిటలాడింది. నోటిఫికేషన్లు పడతాయని పల్లెల నుంచి పిల్లలు దిగుతున్నారు. జిరాక్స్ పని మీద అటు వెళితే చాయ్ బండి దగ్గర కనబడ్డాడు. కాస్త జుట్టు నెరిసింది. చుట్టూ ఆరుగురు కుర్రాళ్లు. ఒక హాస్టల్ డాబా మీద సుద్దముక్కతో పాఠాలు చెబుతున్నాడట. అప్లికేషన్లు ఆన్‌లైన్ అయ్యాయి కదా, వయోపరిమితి సడలిస్తారన్న ఆశతో ఆయన పెట్టుకునేవి కూడా ఆ పిల్లలే నింపి పెడతారట. ఆయన కంప్యూటర్ ముట్టడట.

నన్ను చూడగానే మొహం విప్పారింది. "అరె, తమ్మీ!" అని భుజం మీద చెయ్యి వేసి వాళ్లవైపు తిప్పాడు.

"చెప్పలేదురా మీకు, నా అరవై పాఠాలు నేనే పోగొట్టుకున్న అని? గప్పుడు సర్వర్ ఈ తమ్మిదే. ఇంకోడైతె ఎంత తిడుతుండె! ఒక్క మాట అనలే."

పిల్లలు నావైపు గౌరవంగా చూశారు. ఒకడు నమస్తే అన్నా అన్నాడు. చాయ్ గ్లాసు నా చేతికి ఇచ్చి, అన్న గొంతు కొంచెం తగ్గించాడు.

"ఒక్కటి అడుగుదమనుకుంటున్న తమ్మీ, శాన దినాల సంది. ఆ దినం నేను ఒత్తింది ఏంది? ఇప్పటికీ గదే మతికొస్తది. ఏది ఒత్తితె పోయినయి?"

ఆయన నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. రెండేళ్లుగా మనసులో ఆ కీబోర్డు మీద వేలు వేలు వెతుక్కుంటున్న మనిషి.

"డిలీట్ అన్నా" అన్నాను. "పొరపాటున అందరం నొక్కుతాం."

"గంతేనా" అన్నాడు. పెద్దగా ఊపిరి వదిలాడు. నా చాయ్ డబ్బులు కూడా తనే ఇచ్చాడు.